విప్పకూడని కవరు

కన్నా,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. నువ్వక్కడ కొండమీద వేళకింత తిని, చెవులకు మఫ్లరు చుట్టుకుని కులాసాగానే ఉన్నావని నమ్ముతున్నాను. నమ్మక చేసేదేముంది? వారానికి ఒక్క బండి పైకొస్తుంది, ఆ బండిలో వచ్చే ఉత్తరమే మనకు దిక్కు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మొదట నేను చదివాను. తరవాత మీ నాన్న పైకి చదివారు. ఆయన చదివితే నువ్వే మాట్లాడినట్టుంటుంది, మీ ఇద్దరి గొంతులూ అంత దగ్గర. మూడోసారి ఆఫీసులో సొరుగు సగం లాగి అందులో పెట్టుకుని చదువుతుంటే పక్కసీటు పెద్దాయన చూడనే చూశాడు. "ఏమ్మా, ఇరవై రెండేళ్ళలో మీరు పనివేళ పని ఆపడం ఇదే మొదలు. ఆఫీసు మూసేస్తున్నారా ఏమిటి?" అన్నాడు. ఆయన హాస్యం ఆయనది. నేను సొరుగు మూసేశాను.

నువ్వు నాలుగు ప్రశ్నలడిగావు. వరసగా జవాబు చెప్తాను, వరస లేకపోతే నాకు తోచదని నీకు తెలుసుగా.

మొదటిది నా మోకాలు. మెట్లెక్కేటప్పుడు మూలుగుతోంది, దిగేటప్పుడు ఊరుకుంటోంది. డాక్టరు బరువు తగ్గమన్నాడు. బల్లకు అటుపక్క ఆయన పొట్ట నాకు కనపడుతూనే ఉంది, ఇంకేమంటాం, సరేనన్నాను.

రెండోది, మీ నాన్న కళ్ళు పరీక్ష చేయించుకున్నారా అని. చేయించుకోలేదు, నేను చేయించాను. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సి వచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఇంటికొచ్చి మన వంటగది నేల వంక చూశారు. "ఎవడు వేశాడే ఈ టైల్స్? గీత ఇంత వంకరగా పోయింది, చేతులు విరగ్గొట్టాలి వాడికి" అన్నారు. ఆ నేల పదకొండేళ్ళ కిందట ఆయన స్వహస్తాలతో వేసినదే. తరవాత ఆయనే గుర్తు తెచ్చుకుని, "అప్పట్లో సిమెంటు మసాలా సరిగ్గా దొరికేది కాదులే" అన్నారు. ఇప్పుడు రోజూ ఆ మూల గీత మీద పీట జరిపి పెడుతున్నారు. నేను తీస్తున్నాను, ఆయన పెడుతున్నారు.

మూడోది అసలు ప్రశ్న. "నువ్వు ఇన్ని వేల ఫైళ్ళు చూశావు కదమ్మా, నిజం చెప్పు, ఎవరిని తీసుకోవాలో ఎవరిని వద్దనాలో వాళ్ళు ఎలా తేలుస్తారు?" అన్నావు. ఈ ప్రశ్న మన వీధిలో ప్రతి తల్లీ నన్ను అడిగింది. యూనివర్సిటీ అడ్మిషన్ సెక్షన్లో గుమాస్తానంటే నాకేదో రహస్యం తెలుసని వాళ్ళ నమ్మకం. అందరికీ "అర్హతను బట్టమ్మా" అని చెప్పి పంపేశాను. నీకు ఉన్నదున్నట్టు చెప్తాను.

మా గది నీకు తెలుసు. చిన్నప్పుడు స్కూలు వదిలాక వచ్చి కిటికీ గట్టు మీద కూచుని లెక్కలు చేసుకునేవాడివి. అదే గది, అదే కిటికీ. దరఖాస్తుల కాలంలో రోజుకు రెండు మూడొందల కవర్లొస్తాయి. ఎడం చేత్తో కవరు, కుడి చేత్తో కత్తి, కాగితం బయటికి, 'అందినది' అని ముద్ర, రిజిస్టర్లో నంబరు. ఒక్కోదానికి పదిహేను సెకన్లు. కళ్ళు మూసుకుని చేస్తానని గొప్పలు పోయేదాన్ని. తరవాత వారానికోసారి ఎవరి కాగితాలు వాళ్ళ ఫైల్లో చేరుస్తాం. అన్నీ ఉన్న ఫైళ్ళు బీరువాలోకి వెళ్తాయి. ఏ ఒక్క కాగితం తక్కువైనా గోడవారగా ఉన్న ఇనప అరల్లోకి వెళ్తాయి. గడువు దాటాక ఆ అరల వంక ఎవరూ తిరిగి చూడరు.

బీరువాలోవి కమిటీ ముందుకొస్తాయి. అయిదుగురు ప్రొఫెసర్లు, పొడుగాటి బల్ల, రెండు ప్లేట్లలో బిస్కెట్లు. నేను తలుపు పక్క కుర్చీలో కూచుని ఫైళ్ళు అందిస్తుంటాను. పోయినేడు పన్నెండు సీట్లకు మూడొందల పది మంది. పైన అయిదారుగురి గురించి పేచీ ఉండదు. అడుగున వందమంది గురించీ ఉండదు. ఆ మధ్యలో ఉన్నారు చూడు, ఆ రెండొందల మంది, వాళ్ళలో ఎవరికి సీటిచ్చినా తప్పు లేదు, ఎవరికి ఇవ్వకపోయినా ఒప్పు లేదు. ఒకాయనకు ఫలానా కాలేజీ అంటే గురి. ఒకావిడకు సొంతంగా ఏదో ఒకటి కెలికి చూసిన పిల్లలంటే ఇష్టం. భోజనానికి ముందొచ్చిన ఫైలు మీద విసుక్కుంటారు, భోజనమయ్యాక వచ్చిన ఫైలు మీద కునుకుతారు. మనుషులే కదా.

మూడేళ్ళ కిందట ఒకమ్మాయి ఫైలు మీద ఇద్దరు ప్రొఫెసర్లు నలభై నిమిషాలు పోట్లాడుకున్నారు. "ఈ పిల్లను వదులుకుంటే మనకు బుద్ధి లేనట్టే" అని ఒకాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఓటింగు పెడితే రెండుకు మూడు, పోయింది. మర్నాడు ఆ అమ్మాయికి నేనే టైపు చేశాను, అందరికీ వెళ్ళే ఆ నాలుగు లైన్ల ఉత్తరం, 'తెలియజేయుటకు విచారిస్తున్నాము' అని. ఆ పిల్ల ఏమనుకుని ఉంటుంది? నేనెందుకూ పనికిరానని ఏడ్చి ఉంటుంది. తనకోసం ఒక పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడని ఎవరు చెప్తారు? నమూనాలో ఆ మాటకు చోటు లేదు. అలాంటి ఉత్తరాల్లో నా చేతిలో ఉన్నదల్లా పేరు తప్పు పడకుండా రెండుసార్లు చూసుకోవడం. కాదని చెప్పేటప్పుడు పేరైనా సరిగ్గా రాయాలి కదా.

అందుకని, ఆ రెండు యూనివర్సిటీల వాళ్ళు కాదన్న ఉత్తరాలను స్టవ్వు పైన గోడకు అంటించావట, వాటిని పీకి పారెయ్. నాలాంటిదెవరో టైపు చేసిన కాగితాలవి. వాటిలో నీది ఏదైనా ఉందంటే నీ పేరొక్కటే. మూడోచోట వెయిటింగ్ లిస్టులో పదిహేడో నంబరన్నావు, దాని మీద మాత్రం ఆశ పెట్టను. మా దగ్గర ఆ జాబితా ఎప్పుడూ తొమ్మిది దాటి కదల్లేదు. తల్లినని తీపి మాటలు చెప్పి నిన్ను ఇంకో నెల గుమ్మానికి కట్టెయ్యలేను.

ఇక నాలుగో ప్రశ్న. "వడగళ్ళ మీద పరిశోధన చేసే మాస్టారున్న చోటు నుంచి రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు. జవాబు రాకపోతే కాదన్నట్టే కదమ్మా?" అన్నావు. ఆ కింద రాసింది చదివి నా గుండెలో రాయి పడింది. "నేను అనుకున్నంత గొప్పవాణ్ణేం కాదని అర్థమైంది. ఇక్కడ వాతావరణ స్టేషన్ వాళ్ళు పర్మనెంటు చేస్తామంటున్నారు. మూడేళ్ళ బాండు. ముప్పయ్యో తేదీన సంతకం పెట్టేస్తాను. గాలివేగం రాసుకుంటూ ఉంటే ఏ బాధా ఉండదు."

ఏ బాధా ఉండదా? ఏడేళ్ళప్పుడు వడగళ్ళ వాన పడితే వీధిలో పిల్లలందరూ ఏరుకుని నోట్లో వేసుకున్నారు. నువ్వు మాత్రం నా కుట్టుపెట్టెలోంచి టేపు తీసి కొలిచావు. కరిగిపోతాయని ఫ్రిజ్‌లో పెట్టావు. పెట్టడానికి చోటు లేదని నా కూరగాయలన్నీ తీసి నేలమీద పోశావు. వీపు విమానం మోత మోగిస్తానని నేను చీపురు పట్టుకుంటే, "అమ్మా, ఒకదాన్ని కోసి చూశాను, లోపల ఉల్లిపాయలాగా పొరలున్నాయి, ఎందుకున్నాయి?" అన్నావు. నాకు తెలీదన్నాను. ఆ ఎందుకో తెలుసుకోవడానికి పోతున్నవాడివి నువ్వు. గాలివేగం రాసుకుంటూ కూచుంటావా?

నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి.

ఆఫీసులో నన్ను వెనకాల ఏమంటారో నీకు తెలుసు. గడువమ్మ. గడువు రోజు సాయంత్రం అయిదు కొట్టగానే కౌంటరు కిటికీ వేసేదాన్ని. అయిదూ రెండుకు పరిగెత్తుకొచ్చినవాళ్ళకు కూడా నా ముఖం కనపడేది కాదు. నాలుగేళ్ళ కిందట ఒకతను కాలికి సిమెంటు కట్టుతో వచ్చాడు. ఒక్కరోజు ఆలస్యం. ఆసుపత్రి కాగితం చూపించాడు. "గడువంటే గడువేనండీ" అన్నాను. గొడవపడతాడనుకున్నాను. "సరేనమ్మా" అని వెనక్కి తిరిగాడు. మెట్లు ఒక్కొక్కటీ కుంటుతూ దిగుతుంటే కిటికీలోంచి కనపడ్డాడు. నేను తరవాతి కవరు తీసుకున్నాను. ఇంటికొచ్చి మీ నాన్నతో గొప్పగా చెప్పాను కూడా, రూలు ముందు అందరూ సమానమేనని. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళారు.

ఇప్పుడు చెప్తాను. చదువుతూ ఉండు, మధ్యలో ఆపకు.

కొండమీదకు వెళ్ళేముందు నాకో పని అప్పగించావు. "కాలేజీ నుంచి నా మార్కుల కవరు ఇంటికొస్తుంది. సీలు వేసి, మూత మీద సంతకం పెట్టి ఉంటుంది. విప్పకుండా వడగళ్ళ యూనివర్సిటీకి పంపు, పదిహేనో తేదీ గడువు" అన్నావు. మిగతా మూడు చోట్లకూ నువ్వే స్వయంగా పంపుకున్నావు. ఈ ఒక్కటీ అమ్మ చేతిలో పెట్టావు. అమ్మ చేతిలో పెడితే భద్రమని.

కవరు మూడో తేదీన వచ్చింది. నాలుగున ఆఫీసుకు పట్టుకెళ్ళాను, మధ్యాహ్నం పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేద్దామని. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాను, మరచిపోకుండా కళ్ళెదురుగా ఉంటుందని. ఆ రోజు మాకూ గడువు దగ్గరపడింది, మూడొందల నలభై కవర్లొచ్చాయి. ఎడం చేత్తో కవరు, కుడి చేత్తో కత్తి. నేనే విప్పాను కన్నా. విప్పి, కాగితం తీసి, మా యూనివర్సిటీ ముద్ర కొట్టి, రిజిస్టర్లో రెండువేల నూటపద్నాలుగో నంబరు కింద ఎక్కించి, ట్రేలో వేశాను. పదిహేను సెకన్లు. నా చేతులు చేస్తున్నాయి, నా కళ్ళు చూస్తున్నాయి, నేను మాత్రం అక్కడ లేను. సాయంత్రం బల్ల ఖాళీగా కనపడితే పోస్టు చేసేశాననే అనుకున్నాను. మధ్యాహ్నం పోస్టాఫీసుకు వెళ్ళిన మాట నిజం, ఆఫీసు టపా ఇచ్చి వచ్చాను. అదీ ఇదీ కలిసిపోయాయి నా బుర్రలో.

ఏడో తేదీన కాగితాలు ఫైళ్ళలో చేర్చే పని పెట్టుకున్నాం. ఒక మార్కుల కాగితానికి ఫైలు దొరకలేదు. అరగంట వెతికాం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడీ తెలివితక్కువవాడు? దరఖాస్తు పెట్టకుండా మార్కులు పంపాడు! ఇలాంటివాళ్ళకు సీటిస్తే మన గతేంగాను?" అని పైకే తిట్టాను. పక్కసీటు పెద్దాయన, "ఎవరి బిడ్డో పాపం, పేరు చదవండి, ఫోను చేద్దాం" అన్నాడు. చదివాను. నీ పేరు. ఇంటిపేరుతో సహా నీ పేరు.

కుర్చీలో కూచుండిపోయాను. పెద్దాయన నీళ్ళు తెచ్చిచ్చాడు. కంచే చేను మేసిందంటారు చూడు, అదే. మా యూనివర్సిటీలో నువ్వు దరఖాస్తు పెట్టనే లేదు, నీ మార్కులు మాత్రం మా రిజిస్టర్లో నిక్షేపంగా ఉన్నాయి. తెగిన సీలు, మీద మా ముద్ర. దాన్ని మళ్ళీ అంటించి పంపితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? అలాంటివి నేను వందలు పక్కన పడేశాను.

మర్నాడే సెలవు పెట్టి నీ కాలేజీకి బస్సెక్కాను. అక్కడి గుమాస్తా ఇంకో కవరు కావాలంటే ఏడు పనిదినాలన్నాడు. నేను బతిమాలాను, నేను! "రూలమ్మా" అన్నాడు. ఆ మాట నా నోట్లోది. పదహారున చేతికిచ్చాడు, అక్కడి నుంచి అక్కడే అర్జంటు పోస్టులో పంపాను. పదిహేడున చేరింది. గడువు పదిహేను.

ఆ వారం నీకు రాసిన ఉత్తరంలో 'నీ మార్కుల కవరు పంపాను, చేరింది' అని రాశాను. గుర్తుందా? అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు, నిజమూ లేదు. రెండు రోజులేగా, అక్కడి వాళ్ళు చూసీ చూడనట్టు పోతారేమోనని ఆశపడ్డాను. ఇరవై రెండేళ్ళు నేను చూసీ చూడనట్టు ఒక్కసారీ పోలేదని తెలిసీ ఆశపడ్డాను. తరవాత ప్రతి బుధవారం బండికీ నీకు చెప్పేద్దామని కాగితం తీయడం, వంకాయలు ఎలా ఉన్నాయో వాన ఎంత పడిందో రాసి మూసేయడం. సిగ్గు కన్నా. గడువమ్మ కొడుకు ఫైలు గడువమ్మ వల్లే ఆగిందని ఎలా చెప్పను? ఇంట్లో ఎవరు కవరన్నా నాకు ఉలికిపాటే. మీ నాన్న దిండు కవరు ఎక్కడుందని అడిగినా ఉలిక్కిపడేదాన్ని, గుమ్మడికాయల దొంగలాగా.

నీ శుక్రవారం ఉత్తరం చూశాక ఇంక దాచలేకపోయాను. శనివారం పొద్దున టీ తాగుతూ మీ నాన్నకు చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టారు. "టైలు వంకరగా పడితే మసాలా ఆరకముందే పీకి వెయ్యాలే. ఆరాక సుత్తి పట్టాలి. వాడు బాండు మీద సంతకం పెడితే ఆరిపోయినట్టే. లే, ఫోను చెయ్" అన్నారు. టైళ్ళ మేస్త్రీ కదా, ఆయన మాటలు ఎప్పుడూ టైళ్ళ చుట్టే తిరుగుతాయి, అయినా ఆ పూట దారి చూపించింది ఆయనే.

సోమవారం ఆఫీసు ఫోనులోంచి చేశాను. ఆ యూనివర్సిటీలో నా కుర్చీలో ఉన్న గుమాస్తా పలికాడు. నీ దరఖాస్తు నంబరు చెప్తే వెళ్ళి చూసొచ్చి, "మార్కులు రెండు రోజులు లేటమ్మా. అసంపూర్తి అరలో ఉంది. కమిటీ ముందుకు వెళ్ళలేదు" అన్నాడు. నేను ఏదో అనబోతే, "గడువంటే గడువే కదమ్మా" అన్నాడు, నా స్వరంతోనే అన్నాడనిపించింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పనిది అతనికి మొత్తం చెప్పేశాను. నేనూ గుమాస్తానే నాయనా, ఇదిగో ఇలా జరిగింది అని. అతను, "మీరే విప్పారా? మీ ముద్ర కూడా వేశారా? నంబరు కూడా?" అని అడిగి, పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, "అమ్మా, పోయినేడు మా ఇంటి కరెంటు బిల్లు మీద నేను ముద్ర కొట్టాను" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. అభ్యర్థి తప్పు లేకుండా ఆలస్యమైతే ఆ ఫైలు కమిటీ ముందు పెట్టొచ్చని రూలుందట. రెండు కాగితాలు కావాలి. ఆలస్యానికి కారణమైన మనిషి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అభ్యర్థి స్వయంగా, తన చేత్తో, ఫైలు తీసుకోమని కోరాలి. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదమ్మా, అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు.

ఫోను పెట్టేసి మా రూల్సు పుస్తకం తీశాను. అదే రూలు మా దగ్గరా ఉంది కన్నా. ముప్పై ఒకటో పేజీలో. నాకు కంఠతా వచ్చిన పుస్తకంలో. కాలికి కట్టుతో వచ్చినతను మెట్లు దిగిపోతుంటే ఆ పేజీ నా చేతికి జానెడు దూరంలో ఉంది. అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో అలా ఎంతమంది మెట్లు దిగారో లెక్క నా దగ్గర లేదు. నీకు చేసినదాని కన్నా ఇది నన్ను ఎక్కువ కోస్తోంది. నీకైతే కనీసం ఉత్తరం రాయగలను.

మంగళవారం పొద్దున జరిగిందంతా ఒప్పుకుంటూ కాగితం రాసి సూపరింటెండెంటు గారి ముందు పెట్టాను, ఆయన సంతకం లేకపోతే చెల్లదు కాబట్టి. ఆయన చదివి కళ్ళజోడు తీసి, "మీరా?" అన్నారు. సంజాయిషీ రాయించుకున్నారు, అది న్యాయమే. రిజిస్టర్లో రెండువేల నూటపద్నాలుగో నంబరు మీద ఎర్ర గీత పడింది, నా మొదటి ఎర్ర గీత. అది చూసి చచ్చిపోతాననుకున్నాను, ఏం కాలేదు, పదకొండింటికి అందరితోపాటు టీ తాగాను. ఆ కాగితం అదే రోజు రిజిస్టరు పోస్టులో వెళ్ళిపోయింది. ముప్పై ఒకటో పేజీలో రూలు పెద్ద అక్షరాలతో రాసి కౌంటరు కిటికీకి అంటించాను. "జనం ఎగబడతారు" అని సూపరింటెండెంటు గారు గొణిగారు. ఎగబడనీండి అన్నాను.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది. వాళ్ళు నిన్ను కాదనలేదు. నిన్ను చూడనే లేదు. రెండు నెలలుగా నువ్వు నిన్ను తిట్టుకుంటుంటే నేను నోరు మూసుకుని కూచున్నాను. కవరు విప్పింది నా చెయ్యి, దానికి క్షమించినా క్షమించకపోయినా సరే. నోరు మూసుకున్నది మాత్రం నేను. దానికి నువ్వు ఎంత కోప్పడితే అంత నాకు తేలిక.

చూశాక కూడా కాదనొచ్చు. ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో పైన రాశాను, సీటొస్తుందని నేను మాటివ్వలేను. కానీ కాదనేదేదో నీ దరఖాస్తులోని పొరల వడగళ్ళ సంగతి చదివాక అననీ. ఎవరైనా కుర్చీలోంచి లేస్తారేమో చూద్దాం.

కన్నా, ఈ కాగితం వేరుగా రాస్తున్నాను. రాత్రి బస్సులో దీన్ని తీసుకెళ్ళి తెల్లారి బండి డ్రైవరుకిచ్చేది మీ నాన్నే. ఆయన వచ్చి పేజీలు లెక్కపెట్టి, "ఇదంతా వాడు చదివేసరికి బండి కొండ దిగిపోతుందే" అన్నారు. నిజమే. అసలు మాట చివర పెట్టాను, నా బుద్ధే అంత. మళ్ళీ మొదటినుంచి రాద్దామంటే ధైర్యం చాలదు. వైర్‌లెస్‌లో చెప్పిద్దామంటే కింది స్టేషన్ వాళ్ళు ప్రాణాపాయమైతేనే పంపుతామన్నారు. అందుకని కవరు మీద ఎర్ర సిరాతో 'చివరి పేజీ ముందు చదువు' అని రాస్తున్నాను. అంటే నువ్వు చదువుతున్న మొదటి మాటలు ఇవే.

కమిటీ ఇరవయ్యొమ్మిదిన కూచుంటుంది. ఈ బుధవారం బండి తప్పితే మళ్ళీ బండి ముప్పయ్యొకటిన. సిలిండర్లు దింపేదాకా గంటసేపు ఆగుతుంది, ఆ గంటే నీది. తెల్లకాగితం తీసుకో. నా మార్కుల కవరు నా తప్పు లేకుండా రెండు రోజులు ఆలస్యమైంది, కారణమైన మనిషి ఒప్పుకోలు మీకు వేరుగా అందింది, దయచేసి నా ఫైలు కమిటీ ముందు పెట్టండి అని రాయి. దరఖాస్తు నంబరు, తేదీ, సంతకం. అడ్రసు రాసి స్టాంపులంటించిన కవరు ఇందులోనే పెట్టాను. అంటించి డ్రైవరు చేతికే ఇవ్వు. బాండుకు పదిరోజులు గడువు అడుగు. అడిగితే ఇస్తారు, అందరూ మీ అమ్మలాంటివాళ్ళు కారు.

బండి వెళ్ళాక తీరిగ్గా కూచుని మిగతా పేజీలు చదువుకో. వాటిలో తొందరపడి చదవాల్సిందేం లేదు. నీకు నిజం చెప్పడానికి మీ అమ్మ ఎంత భయపడిందో, అంతే ఉంది.

ఇట్లు,
నీ కవరు విప్పిన
అమ్మ